డీఎస్, పీఎస్పీ, ఆ తర్వాత: చేతి గేమ్ కన్సోళ్ల పోటీపై తరచుగా అడిగే ప్రశ్నలు

చేతి కన్సోళ్ల పోటీ అనగానే అందరూ డీఎస్, పీఎస్పీల దగ్గరే మొదలుపెడతారెందుకు?

డీఎస్ నింటెండోది, పీఎస్పీ సోనీది. అంతకుముందు జరిగింది పోటీ అనిపించుకునేంత పోటీ కాదు కాబట్టి. 1989లో గేమ్ బాయ్ వచ్చిన దగ్గర్నుంచి పదిహేనేళ్లు ఆ పొలం మొత్తం నింటెండోదే. గట్టెక్కి లోపలికొచ్చిన ప్రతివాడూ నాలుగు రోజులు దున్ని నాగలి సర్దుకుని వెళ్లిపోయాడు. 2004లో వచ్చింది మాత్రం సోనీ. అప్పటికే ఇంటి కన్సోళ్లలో నింటెండోని వరసగా రెండు తరాలు చిత్తు చేసిన కంపెనీ. దాని ఇంటి కన్సోల్ ప్లేస్టేషన్ 2 మంచి ఊపు మీదుంది. పీఎస్పీని 2003 మేలో ప్రకటించినప్పుడు సోనీ గేమ్స్ విభాగం పెద్ద కెన్ కుతరాగి దాన్ని 21వ శతాబ్దపు వాక్‌మన్‌గా చెప్పుకున్నాడు. ఇక నింటెండో పని అయిపోయిందని నలుగురూ అనుకున్నారు. ఆ నలుగురిలో నేనూ ఒకణ్ని.

ముందు ఏది వచ్చింది? ధరలెంత?

అమెరికాలో డీఎస్ 2004 నవంబర్ 21న 149.99 డాలర్లకు వచ్చింది. జపాన్‌లో డిసెంబర్ 2న 15,000 యెన్లకు వచ్చింది. పది రోజులు తిరిగేసరికి డిసెంబర్ 12న జపాన్‌లోనే పీఎస్పీ దిగింది, పన్ను కాకుండా 19,800 యెన్లు. అమెరికాకి పీఎస్పీ చేరేసరికి 2005 మార్చి 24 అయింది, అక్కడ 249.99 డాలర్లు. అంటే జపాన్‌లో తేడా సుమారు అయిదు వేల యెన్లే, అమెరికాలో మాత్రం పూర్తిగా వంద డాలర్లు. ఈ వంద డాలర్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కాగితం మీద ఏది గొప్పది?

పీఎస్పీ. ఇందులో వాదనకు తావు లేదు. 4.3 అంగుళాల వెడల్పాటి తెర, 480 × 272 పిక్సెళ్లు, 333 మెగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగల ప్రాసెసర్ (మొదట్లో దాన్ని 222కి కట్టేసి ఉంచారు, 2007లో ఆ కట్టు విప్పారు), 32 ఎంబీ ర్యామ్, 1.8 జీబీ పట్టే చిన్న డిస్క్. ఇటు డీఎస్‌లో 67 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒకటి, దానికి తోడు 33 మెగాహెర్ట్జ్‌ది ఇంకొకటి, 4 ఎంబీ ర్యామ్, 256 × 192 పిక్సెళ్ల బుల్లి తెరలు రెండు. ర్యామ్ ఒక్కటే చూసినా ఎనిమిదింతల తేడా. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాడెవడైనా పీఎస్పీనే చేతిలోకి తీసుకుంటాడు. నల్లగా, నిగనిగలాడుతూ, పెళ్లికొడుకులా ఉండేది. మొదటి డీఎస్ మాత్రం బూడిదరంగు టిఫిన్ డబ్బాలా ఉండేది. నింటెండో అభిమానులకు కోపం రావచ్చుగానీ, 2006లో డీఎస్ లైట్ వచ్చేదాకా అది అందంగా లేదన్నది నిజం.

మరి అంత బలమున్న పీఎస్పీ ఎందుకు వెనకబడింది?

ఒక్క కారణం చెప్పమంటే చెప్పలేను. నాలుగైదు చేరి లాగాయి.

మొదటిది ఆ వంద డాలర్లు. పిల్లాడికి కొనిపెట్టే వస్తువు విషయంలో తల్లిదండ్రులు ర్యామ్ చూడరు.

రెండోది పీఎస్పీ చిన్న డిస్క్, దాని పేరు యూఎండీ. సొంత డిస్క్ పద్ధతి పెట్టి అందులోనే సినిమాలు కూడా అమ్ముకోవచ్చని సోనీ లెక్క వేసింది. ఇంట్లో డీవీడీగా ఉన్న సినిమానే, టీవీలో పెట్టుకుని చూసే వీల్లేని డిస్క్‌లో మళ్లీ ఎవరు కొంటారు? మొదట్లో కాస్త అమ్ముడైనా ఏడాది తిరిగేసరికి సినిమా స్టూడియోలు చల్లబడ్డాయి. ఆటల సంగతికొస్తే, డిస్క్ గిర్రున తిరగాలి, దానికి మోటారు కావాలి, మోటారుకి బ్యాటరీ కావాలి. ఆట మొదలయ్యేలోపు తెర మీద తిరిగే గుర్తుని చూస్తూ కూర్చోవాలి. బస్సులో రెండు స్టాపుల మధ్య ఆడుకోవాల్సిన వస్తువుకి ఇది పెద్ద లోపం. డీఎస్ కార్డుకి ఈ గొడవ లేదు. మూత తెరిస్తే ఆట, మూస్తే నిద్ర.

మూడోది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. పీఎస్పీలో మంచి ఆటలు చాలా ఉన్నాయి, కానీ వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో ప్లేస్టేషన్ 2 మీద ఆడే రకమే. ఇంట్లో అది ఉన్నవాడే పీఎస్పీ కొనేవాడు కూడా. సోనీ తన పాత చుట్టానికే మళ్లీ భోజనం పెట్టింది. నింటెండో కొత్త చుట్టాల్ని వెతుక్కుంది. 2002లో నింటెండో అధ్యక్షుడైన సతోరు ఇవాతాకి ఒకటే బెంగ: ఆటలు ఆడేవాళ్లు తగ్గుతున్నారు, ఆడనివాళ్లని తీసుకురావాలి. 2005లో నింటెండాగ్స్ అనే కుక్కపిల్లల ఆట వచ్చింది, 2.39 కోట్ల కాపీలు పోయింది. అదే ఏడాది తొహోకు విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ ర్యూతా కవాషిమా పేరు మీద బ్రెయిన్ ట్రెయినింగ్ వచ్చింది. డీఎస్‌ని అడ్డం తిప్పి పుస్తకంలా పట్టుకుని, స్టైలస్ అనే పుల్లతో తెర మీద రాస్తూ కూడికలు తీసివేతలు చేయడం, అంతే. అది 1.9 కోట్లు పోయింది. అరవై దాటిన ముసలివాళ్లు గేమ్ కన్సోల్ కొనడం ప్రపంచం అప్పుడే మొదటిసారి చూసింది. మెదడు నిజంగా పదునెక్కుతుందా అన్నది వేరే చర్చ. కానీ అంతకుముందు ఏ గేమ్ కంపెనీ వాళ్ల గడప తొక్కలేదు.

ఇది ఐఫోన్‌కి రెండేళ్ల ముందు మాట. వేలితో, పుల్లతో తెరని ముట్టుకుని ఆడటం మామూలు జనానికి అలవాటు చేసింది డీఎస్సే. ఆ అలవాటే తర్వాత దాని మెడకు చుట్టుకుంది, అది కింద చెబుతాను.

అయితే పీఎస్పీ ఓడిపోయిందనే అనాలా?

డీఎస్ అన్ని మోడళ్లూ కలిపి 15.40 కోట్లు అమ్ముడైంది. పీఎస్పీ దాదాపు 8 కోట్లు. సగం అన్నమాట. కానీ ఈ రెండో అంకెని దాని పాత ప్రత్యర్థులతో పోల్చి చూడండి. 1990లో వచ్చిన సేగా గేమ్ గేర్, అప్పటిదాకా నింటెండోకి ఎదురు నిలిచినవాటిలో పెద్దది, మొత్తం జీవితకాలంలో కోటి పైచిలుకు. నింటెండో సొంత గేమ్ బాయ్ అడ్వాన్స్ 8.15 కోట్లు. మొదటిసారి బరిలోకి దిగినవాడు 8 కోట్లు అమ్మితే దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు. రెండో స్థానం అంటే సరిపోతుంది.

గేమ్ గేర్ అన్నారు. గేమ్ బాయ్ నలుపు తెలుపులో ఉండగా, రంగుల్లో ఉన్నవాళ్లు ఎలా ఓడారు?

నలుపు తెలుపు కూడా కాదండీ, పాచి పట్టిన పచ్చ. ఆకుపచ్చ తెర మీద నాలుగు ఛాయలు, వెనక లైటు లేదు. చీకట్లో కనపడదు, ఎండలో వంచి వంచి చూడాలి. 1989లో అమెరికాలో 89.99 డాలర్లు. అదే ఏడాది అటారీ లింక్స్ రంగుల తెరతో, వెనక లైటుతో వచ్చింది, ధర దానికి రెట్టింపు. లింక్స్‌కీ, గేమ్ గేర్‌కీ ఆరేసి పెన్సిల్ సెల్స్ కావాలి. అవి నాలుగైదు గంటల్లో ఖాళీ. గేమ్ బాయ్‌కి నాలుగే సెల్స్, పది పదిహేను గంటలు ఆడుకోవచ్చు. రీచార్జి లేని రోజుల్లో సెల్స్ ఖర్చంటే ఇంటి ఖర్చు. రంగుల తెర ఉన్న పిల్లాడి నాన్న రెండో నెలకే దాన్ని అటక మీద పెట్టేసి ఉంటాడు.

దీని వెనక ఉన్నవాడు నింటెండో ఇంజినీరు గున్‌పే యొకోయ్. ఆయన సూత్రం ఒకటుండేది: బాగా నలిగిన, చవకైపోయిన సాంకేతికతని తీసుకుని దాన్ని ఎవరూ ఊహించని చోట వాడాలి. 1980లో గేమ్ అండ్ వాచ్ ఆయన చేతిదే. క్యాలిక్యులేటర్లలో వాడే తెరలతో చేసిన ఆ బొమ్మలు 4.34 కోట్లు అమ్ముడయ్యాయి. గేమ్ బాయ్ కూడా ఆ సూత్రమే. ఆయనే చేసిన 1995 నాటి వర్చువల్ బాయ్ అనే కన్సోల్ మాత్రం ఘోరంగా తన్నేసింది. ఆయన 1996లో నింటెండో వదిలి సొంతంగా పని మొదలుపెట్టి, బందాయ్ కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే చేతి కన్సోల్ రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. అది ఒకే ఒక్క పెన్సిల్ సెల్‌తో నడిచేది. 1999లో అది బజారుకొచ్చేసరికి ఆయన లేడు. 1997 అక్టోబర్‌లో రోడ్డు ప్రమాదంలో పోయాడు.

సెల్స్ ఒక్కటే కారణం కాదు. గేమ్ బాయ్ పక్కన ఒక చిన్న రంధ్రం ఉండేది, రెండు గేమ్ బాయ్‌లని వైరుతో కలపడానికి. అమెరికాలో పెట్టెతో పాటు టెట్రిస్ ఇచ్చారు. ఆ వైరుతో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడొచ్చు. 1996లో జపాన్‌లో పోకెమాన్ వచ్చి ఆ రంధ్రానికి అసలు పని కల్పించింది. రెండు రకాల కాపీలు అమ్మారు, ఒకదానిలో దొరికే జీవులు కొన్ని రెండోదానిలో దొరకవు. అన్నీ కావాలంటే మార్పిడి చేసుకోవాలి, మార్పిడికి పక్కవాడి దగ్గర కూడా గేమ్ బాయే ఉండాలి. ఎన్ని రంగులున్నా గేమ్ గేర్ దీనికేం జవాబు చెబుతుంది?

నోకియా కూడా ఒకటి చేసిందటగా?

చేసింది. ఎన్-గేజ్, 2003 అక్టోబర్, 299 డాలర్లు. ఫోనూ అదే, గేమ్ కన్సోలూ అదే. ఆలోచన పదేళ్లు ముందుది, వస్తువు మాత్రం పది తప్పులది. ఆట మార్చాలంటే వెనక మూత తీసి, బ్యాటరీ పీకి, లోపల కార్డు మార్చి, మళ్లీ ఆన్ చేయాలి. ఫోన్ మాట్లాడాలంటే పలకలా చెవికి నిలువుగా అంచు పెట్టుకోవాలి. జనం నవ్విన నవ్వుకే సగం చచ్చిపోయింది.

జపాన్‌లో పీఎస్పీ చాలాకాలం గట్టిగా నిలబడిందంటారు. ఎలా?

ఒక ఆట వల్ల. కాప్‌కామ్ వాళ్ల మాన్‌స్టర్ హంటర్. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మొత్తం పోటీలో నాకు అర్థమైన ఒకే ఒక్క విషయం ఇందులోనే ఉంది.

నలుగురు కలిసి ఒక పెద్ద మృగాన్ని వేటాడే ఆట అది. ప్లేస్టేషన్ 2 మీద 2004లో మొదలైంది. ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్ ద్వారా ఆడటం అప్పట్లో అందరికీ కుదిరేది కాదు. పీఎస్పీకి వచ్చాక లెక్క మారింది. పీఎస్పీలో వైఫై ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా పక్కనున్న పీఎస్పీతో నేరుగా మాట్లాడుతుంది. జపాన్‌లో బడి పిల్లలు, ఆఫీసు కుర్రాళ్లు రైల్వే స్టేషన్ల దగ్గర, బర్గర్ దుకాణాల్లో నలుగురేసి గుంపుగా కూర్చుని వేట మొదలుపెట్టారు. నలుగురిలో ముగ్గురి దగ్గర ఉంటే నాలుగోవాడు కొనక చస్తాడా? ఈ వరసలో 2010 డిసెంబర్ 1న వచ్చిన పోర్టబుల్ 3వ భాగం దాదాపు 49 లక్షలు అమ్ముడైంది. అమెరికాలో పీఎస్పీ డీలాపడిన కాలంలో జపాన్‌లో దాన్ని భుజాన మోసింది ఈ ఆటే.

అమెరికాలో అలా ఎందుకు జరగలేదంటే, అక్కడ పిల్లలు ఊళ్లకి ఊళ్లు దూరంగా కారుల్లో తిరుగుతారు. రైల్లో పక్క సీటులో ఇంకో పీఎస్పీ వాడు తగలడు. యంత్రం అదే, ఆట అదే, పక్కవాడు లేడు. ఇంటి కన్సోల్‌ని ఒంటరిగా కొనుక్కోవచ్చు. చేతి కన్సోల్‌ని మాత్రం చుట్టుపక్కల వాళ్లని చూసి కొంటారు. తెర సైజులూ ప్రాసెసర్లూ చదివి జోస్యం చెప్పినవాళ్లు తరచూ తప్పింది అందుకే అనిపిస్తుంది నాకు.

పైరసీ పీఎస్పీని చంపిందంటారు, నిజమేనా?

దెబ్బ కొట్టింది. మొదటి జపాన్ పీఎస్పీలు సోనీ ఆమోదముద్ర లేని ప్రోగ్రాముల్ని కూడా నడిపేవి. సోనీ ఒక కన్నం పూడిస్తే ఇంకోటి తవ్వారు. 2007లో బ్యాటరీనే తాళంచెవిగా మార్చే పద్ధతి కనిపెట్టారు, దానికి పండోరా బ్యాటరీ అని పేరు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

కానీ డీఎస్ ఏమన్నా పతివ్రతా? ఆర్4 అనే కార్డులో మెమరీ చిప్పు పెట్టి వందల ఆటలు ఎక్కించుకునేవారు. నింటెండో, మరికొన్ని ఆటల కంపెనీలు కలిసి టోక్యో కోర్టుకెక్కి 2009లో వాటి అమ్మకాన్ని ఆపించాయి. రెండింటికీ తెగులు తగిలింది. డీఎస్ ఆటలు కొనేవాళ్లలో తల్లులు, తాతలు ఎక్కువ. వాళ్లకి ఆర్4 అంటే తెలియదు. పీఎస్పీ కొన్నవాడు మాత్రం కంప్యూటర్ తెలిసిన కుర్రాడు. తెగులు ఏ పంటకి ఎక్కువ పాకుతుందో వేరే చెప్పాలా?

మన వైపు సంగతైతే దాచేదేముంది. మా బాబాయ్ తెచ్చిపెట్టిన పీఎస్పీ పట్టుకుని ఒరిజినల్ యూఎండీ కోసం ఒక కంప్యూటర్ బజారులో నాలుగు దుకాణాలు తిరిగాను. "డిస్కులెందుకు బాబూ, సాఫ్ట్‌వేర్ కొట్టించుకో, యాభై ఆటలేసిస్తా" అన్నాడు నాలుగోవాడు. కొట్టించాను. రెండు రోజులు బాగానే ఆడింది, మూడోరోజు ఇటుకైంది, అంటే ఇక ఆన్ కాలేదు. "నేను చేసినప్పుడు బాగానే ఉంది కదా" అన్నది ఆయన వారంటీ.

తర్వాతి రౌండ్ సంగతి? 3డీఎస్, వీటా?

2011 రెండు కంపెనీలకీ చెడ్డ ఏడాది.

నింటెండో 3డీఎస్‌ని అమెరికాలో 249.99 డాలర్లకు పెట్టింది. అద్దాలు లేకుండా త్రీడీ. చూస్తే అబ్బో అనిపిస్తుంది, పావుగంటకి తలనొప్పి. ఆటలు లేవు. అయిదు నెలలు తిరక్కుండా ఆగస్టులో ధర 169.99కి దించారు. ముందే కొన్నవాళ్ల నోరు మూయించడానికి ఇరవై పాత ఆటలు ఉచితంగా ఇచ్చారు. ఇవాతా తన జీతాన్ని సగానికి కోసుకున్నాడు. తప్పు చేసిన పెద్దమనిషి జీతం తగ్గించుకోవడం మనం రోజూ చూసేది కాదు కాబట్టి ఇది చాలామందికి గుర్తుండిపోయింది.

సోనీ వీటా 2011 డిసెంబర్ 17న జపాన్‌లో వచ్చింది. అయిదు అంగుళాల ఓలెడ్ తెర, రెండు అనలాగ్ పుల్లలు (బొటనవేలితో తిప్పే మీటలు), ఇప్పటికీ చేతిలో పట్టుకుంటే ముచ్చటేస్తుంది. నా దృష్టిలో ఆ దశాబ్దంలో అంతకంటే అందమైన యంత్రం రాలేదు. కానీ దానిలో వేయాల్సిన మెమరీ కార్డు సోనీదే, బయటి కార్డులకంటే బాగా ఖరీదు. అసలు దెబ్బ అది కాదు. సెప్టెంబర్ 13న, అంటే వీటా అమ్మకానికి మూడు నెలల ముందు, నింటెండో వేదిక మీద మాన్‌స్టర్ హంటర్ 4ని 3డీఎస్‌కి ప్రకటించారు. నలుగురి గుంపు మొత్తం లేచి ఎదుటి వీధిలోకి వెళ్లిపోయింది. వీటా పుట్టకముందే పక్కవాణ్ని పోగొట్టుకుంది.

3డీఎస్ కోలుకుని చివరికి 7.59 కోట్లు చేరింది. వీటా విడి అంకెలు చెప్పడం సోనీ మధ్యలోనే మానేసింది. అంకెలు చెప్పడం మానేశారంటే అంకెలెలా ఉన్నాయో మనకి తెలిసినట్టే. 2019లో తయారీ ఆగిపోయింది.

ఫోన్లే వీటన్నిటినీ తినేశాయి కదా?

సగం మాత్రమే. ఆపిల్ యాప్ స్టోర్ 2008 జూలైలో తెరుచుకుంది. డీఎస్ ఏ కొత్త చుట్టాల్ని తెచ్చిందో, ఆ బ్రెయిన్ ట్రెయినింగ్ తాతలూ కుక్కపిల్లల అక్కలూ ముందుగా అటు పోయారు. తెరని ముట్టుకోవడం నేర్పింది ఎవరు? నింటెండోయే. 15.40 కోట్ల నుంచి 7.59 కోట్లకి పడిపోవడంలో ఫోన్ వాటా పెద్దదే. మిగిలింది బటన్లు కావాలనేవాళ్లు, మారియో కావాలనేవాళ్లు. వాళ్లు ఫోన్‌కి పోలేదు, ఇప్పటికీ పోరు.

నింటెండో స్విచ్‌ని చేతి కన్సోల్ అనొచ్చా?

అనొచ్చు, టీవీకి తగిలించుకునే చేతి కన్సోల్. 2017 మార్చి 3న 299.99 డాలర్లకు వచ్చింది. లోపల ఉన్నది ఎన్విడియా టెగ్రా ఎక్స్1, అప్పటికే రెండేళ్ల పాత చిప్. యొకోయ్ ఉంటే నవ్వుకునేవాడు. పెట్టెలోనే కంట్రోలర్ రెండు ముక్కలుగా విడిపోతుంది, ఒకటి మీకు, ఒకటి పక్కవాడికి. ఇవాతా దీని రాక చూడలేదు, 2015 జూలైలో పోయాడు. 15 కోట్లు దాటి అమ్ముడైంది. ఎదురు నిలిచినవాడు లేడు, వీటా పోయాక సోనీ ఆ వీధి వైపు చూడలేదు. జాయ్‌కాన్ అనే ఆ కంట్రోలర్ ముక్క మీది పుల్ల దానంతటదే పక్కకి జారే రోగం ఒకటి దాన్ని చివరిదాకా పీడించింది.

మరి ఇప్పుడు పోటీ ఎవరెవరి మధ్య? స్టీమ్ డెక్ స్విచ్ 2ని కొడుతుందా?

ప్రశ్నలోనే తిరకాసుంది. ఈ రెండూ చూడ్డానికి ఒకేలాంటివి, ఒకే వ్యాపారం కాదు.

స్విచ్ 2 అమెరికాలో 2025 జూన్ 5న 449.99 డాలర్లకు వచ్చి, నాలుగు రోజుల్లో ప్రపంచం మొత్తం మీద 35 లక్షలు, సెప్టెంబర్ ఆఖరుకి కోటి దాటింది. వాల్వ్ కంపెనీ చేతి కంప్యూటర్ స్టీమ్ డెక్ 2022 ఫిబ్రవరిలో 399 డాలర్ల నుంచి మొదలైంది. 2023 చివర్లో వాల్వ్ తనంతట తాను చెప్పుకున్నది "పలు మిలియన్లు" (అంటే పదుల లక్షలు) అన్న మాటే, కచ్చితమైన అంకె కాదు. లక్షలకీ కోట్లకీ పోటీ ఏమిటి?

కానీ వాల్వ్‌కి కోట్లు అక్కర్లేదు. దాని ఆదాయం స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో అమ్ముడయ్యే కంప్యూటర్ ఆటల మీద. మీరు పదేళ్లుగా అమ్మకాల సీజన్లో కొనిపెట్టుకుని, ఆడకుండా వదిలేసిన ఆటలన్నీ డెక్ కొన్నరోజే అందులో ఉంటాయి. విండోస్ కోసం రాసిన ఆటల్ని డెక్‌లో ఉన్న లైనక్స్ మీద నడిపించే ప్రోటాన్ అనే పొరే దీనికి ప్రాణం. మొదటిరోజు ఆటల్లేక 3డీఎస్ పడ్డ కష్టం డెక్‌కి లేదు. పక్కవాడితో పని లేకుండా నిలబడిన మొదటి చేతి యంత్రం బహుశా ఇదే, నేను పైన చెప్పిన సిద్ధాంతానికి ఇదొక్కటి ఎదురుతిరుగుతుంది.

డెక్‌కి నిజమైన పోటీ దాని దాయాదులు: ఆసుస్ రాగ్ ఆలై, లెనోవో లీజియన్ గో, ఎమ్మెస్సై క్లా. వీటిలో ఎక్కువగా విండోస్ ఉంటుంది. ఏడంగుళాల తెర మీద వేలితో విండోస్ వాడటం ఎంత చిరాకో వాడినవాడికే తెలుసు. మైక్రోసాఫ్ట్ కూడా ఆ మాట ఒప్పుకున్నట్టే, 2025 అక్టోబర్ 16న ఆసుస్‌తో కలిసి రాగ్ ఎక్స్‌బాక్స్ ఆలైని నేరుగా ఆటల తెరలోకి తెరుచుకునేలా తెచ్చింది. వచ్చినప్పుడు మామూలుది 599.99 డాలర్లు, ఎక్కువ బలమున్నది 999.99. వెయ్యి డాలర్ల చేతి కన్సోల్! 89.99 గేమ్ బాయ్ ముందు రంగుల లింక్స్ గుర్తొస్తే నా తప్పు కాదు.

అయితే ఎవరికి భవిష్యత్తు ఉంది?

నింటెండోకి దగ్గర్లో ఢోకా లేదు. మారియో, పోకెమాన్ అసలు ఆటలు వేరేవాళ్ల కన్సోల్ మీద రావు, అదే దాని కోట. భయపడాల్సింది ధర గురించే. స్విచ్ 2తో పాటు వచ్చిన మారియో కార్ట్ ఆట ఒక్కటే 79.99 డాలర్లు. అమెరికాలో 89.99కి గేమ్ బాయ్, టెట్రిస్ కలిపి ఇచ్చిన కంపెనీ ఇది (రూపాయి, డాలరు విలువలు అప్పటివి కావు, ఒప్పుకుంటాను). 2025 చివరినుంచి ర్యామ్ ధరలు పెరగడం అందరికీ తగిలేదే. చవకగా అమ్మి ఆటల మీద రాబట్టుకోగలిగినవాడు తట్టుకుంటాడు, పెట్టె మీదే లాభం చూసుకోవాల్సిన ఆసుస్ లాంటివాళ్లకి కష్టం.

సోనీ 2023 నవంబర్‌లో ప్లేస్టేషన్ పోర్టల్ తెచ్చింది. అది సొంతంగా ఆట నడిపే యంత్రం కాదు, వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న ప్లేస్టేషన్ 5 బొమ్మని వైఫై మీద చూపించే తెర మాత్రమే. పీఎస్పీ వారసుడు అనుకుని కొని తిట్టుకున్నవాళ్లు ఉన్నారు.

మన దగ్గర ఇవి ఎప్పుడూ ఎందుకు పాకలేదు?

పక్కవాడి దగ్గర లేదు కాబట్టి. తొంభైల్లో మన పిల్లలకి వీడియో గేమ్ అంటే ఎగ్జిబిషన్‌లో, తిరణాల్లో దొరికే "9999 ఇన్ 1" ఇటుకల ఆట. గేమ్ బాయ్ అంటే అమెరికా నుంచి సెలవులకి వచ్చిన మేనత్త కొడుకు చేతిలో ఉన్నది, ముట్టుకోనిచ్చేవాడు కాదు. నింటెండో ఇప్పటికీ స్విచ్‌ని ఇక్కడ అధికారికంగా అమ్మడం లేదు. దొరికేదంతా ఎవరో ఒకరు బయటినుంచి తెచ్చిందే, వారంటీ దేవుడికెరుక.

సోనీ మాత్రం కొంత ప్రయత్నించింది. గేమ్‌శాస్త్ర అనే హైదరాబాద్ కంపెనీ చేత దేశీ అడ్డా అనే ఆట చేయించింది. కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు, గోళీలు, బొంగరాలు. ప్లేస్టేషన్ 2కీ, పీఎస్పీకీ వచ్చింది. హైదరాబాద్‌లో పుట్టిన ఆట పీఎస్పీలో ఆడటం ఒక ముచ్చట. కాకపోతే గోళీలాటకి పది వేలు పెట్టే తండ్రి మన వీధిలో దొరకలేదు.

తర్వాత నలుగురూ కలిసి ఆడే ఆట మనకీ వచ్చింది, ఫోన్‌లో. పబ్జీని 2020 సెప్టెంబర్‌లో నిషేధించారు, 2021 జూలైలో బీజీఎంఐగా తిరిగొచ్చింది. హాస్టల్ గదిలో నాలుగు మంచాల మీద నలుగురు ఫోన్లు పట్టుకుని అరుచుకుంటుంటే నాకు జపాన్ రైల్వే స్టేషన్లే గుర్తొస్తాయి. వాళ్ల దగ్గర పీఎస్పీ ఉంది, మన దగ్గర ఫోన్ ఉంది.

సరే అన్నా, ఇప్పుడు ఇక్కడ ఒకటి కొనాలంటే ఏది?

ఇంట్లో ఇప్పటికే ప్లేస్టేషన్ 5, మంచి వైఫై ఉంటే పోర్టల్. ఇక్కడ 2024 సెప్టెంబర్‌లో 18,990 రూపాయలకి వచ్చింది. స్టీమ్‌లో ఆటలు పోగేసినవాళ్లు డెక్ మీద మనసుపడతారుగానీ, వాల్వ్ దాన్ని ఇక్కడ నేరుగా అమ్మదు. చెడిపోతే పంపడానికి చిరునామా ఉండాలనుకుంటే రాగ్ ఆలై, అది 2023లో 69,990కి వచ్చింది. చిన్నపిల్లలకైతే, చెల్లీ, తమ్ముడూ కలిసి ఆడుకోవడానికైతే, వారంటీ లేకపోయినా స్విచ్చే. విదేశాల్లో ఉన్న చుట్టాలు వస్తుంటే ఒక మాట చెవిన వేయండి. జపాన్ నుంచి తెప్పించేవాళ్లు మాత్రం జాగ్రత్త, అక్కడ 2025లో 49,980 యెన్లకు చవకగా వచ్చిన స్విచ్ 2లో జపనీస్ భాష ఒక్కటే ఉంటుంది.

బీరువాలో పాత పీఎస్పీ ఒకటి దొరికింది. పనిచేస్తుందా?

ముందు చార్జర్ పెట్టకండి. వెనక బ్యాటరీ మూత ఉబ్బి ఉందేమో చూడండి. ఏళ్లు పడుకున్న పీఎస్పీ బ్యాటరీలు పూరీల్లా పొంగడం మామూలే. పొంగి ఉంటే మెల్లగా తీసి పక్కన పెట్టండి, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేవాళ్లకి ఇవ్వండి. బ్యాటరీ లేకుండా చార్జర్ మీద కూడా అది ఆన్ అవుతుంది. ఆటల యూఎండీలకి దేశాల కట్టుబాటు లేదు, జపాన్‌ది ఇక్కడ, అమెరికాది ఇక్కడ ఆడుతుంది. సినిమా యూఎండీలకి ఉంది. పీఎస్పీలో మిగిలిన ఆన్‌లైన్ కొనుగోళ్లు కూడా 2021 జూలైలో ఆగిపోయాయి కాబట్టి నేరుగా దానిలోంచి కొత్తవి కొనలేరు.

అనలాగ్ పుల్ల ఒక పక్కకి లాగుతుంటే దుమ్ము పట్టి ఉంటుంది, ముందు మూత విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బాగుపడుతుంది. అందులో ఎవరైనా యాభై ఆటలు "కొట్టించి" ఉంటే, దయచేసి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ మాత్రం నొక్కకండి.